పట్టదు అన్న మాట

టాటానగర్ పక్కన గమ్హరియాలో ఒక భారీ రవాణా సంస్థ యార్డు వెనకాల, పాత టైర్లు పడేసే చోటుకి ఆనుకుని ఒక పొడవాటి రేకుల గది ఉండేది. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆ గదిలోనే, రేడియోతో నడిచే చిన్న లారీల మధ్య గడిచింది. ఇప్పుడు ఆ పనంతా కంప్యూటర్ల మీద జరుగుతోంది. ఆ పనిలోకి కొత్తగా చేరిన కుర్రవాళ్లు మా సోనారి వీధిలోనే ఇద్దరు ముగ్గురున్నారు. నేను తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిస్తారు. "అంకుల్, ఆప్ ఖిలౌనా గాడీ చలాతే థే నా?" అని నవ్వుతూ అడుగుతారు. బొమ్మ బండ్లు నడిపేవారట కదా అని. అందులో తప్పేమీ లేదు, నేను చేసింది అదే. అయితే అది ఎలాంటి పనో వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. అందుకని రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ రాదు.

రెండు మాటల ఉద్యోగం

మామూలు లారీలో పట్టని సరుకులు కొన్ని ఉంటాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, బాయిలర్ డ్రమ్ము, కర్మాగారంలో పెట్టే ఏ ఇరవై ముప్పై ఏనుగులంత బరువున్న యంత్రమో. వాటిని వరసలు వరసలుగా చక్రాలున్న పొడవాటి ట్రైలర్ మీద ఎక్కించి, ముందు ఒక బలమైన లాగుడు బండి కట్టి తీసుకెళతారు. బయలుదేరే ముందు దారిలో ఉన్న ప్రతి మలుపూ ఆ బండికి పడుతుందో లేదో, అంటే ఎక్కడా తగలకుండా తిరుగుతుందో లేదో, తెలియాలి. నడిరోడ్డు మీద ఇరుక్కుంటే ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు.

నేను ముందుగా ఆ మలుపు దగ్గరకు వెళ్లి కొలతలు తెచ్చేవాణ్ణి. గదిలో నేలమీద ఆ మలుపును సుద్దతో గీసేవాణ్ణి. గోడలున్న చోట ఇటుకలు, కాలువ అంచున్న చోట చెక్కబద్దలు పెట్టేవాణ్ణి. అసలు బండికి పద్నాలుగో వంతు ఉండే లారీనీ, దాని వెనక ట్రైలర్‌నీ, పైన సరుకు ఆకారంలో చేసిన దిమ్మెనూ కట్టి ఆ గీతల మధ్య నడిపేవాణ్ణి. చివరకు చెప్పేది ఒకటే మాట. పడుతుంది, లేదా పట్టదు.

పడుతుంది అంటే వారం తిరక్కుండా రోడ్డే ఆ మాటను పరీక్ష చేస్తుంది. బండి వెళ్లిపోతే అందరూ డ్రైవర్‌ని మెచ్చుకుంటారు, అది న్యాయమే. పట్టదు అంటే బండి ఆ దారికే పోదు. పోదు కాబట్టి నేనన్నది నిజమో కాదో ఎప్పటికీ ఎవరికీ తెలియదు, నాకు కూడా. పని ఖరీదు పెరుగుతుంది, దారి పొడవవుతుంది, పైవాళ్లకి నా మీద చిరాకు మిగులుతుంది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇది. మీరు చెప్పిన 'పట్టదు'లన్నీ మీ దగ్గరే ఉండిపోతాయి. వాటిని పంచుకోవడానికి ఎవరూ రారు.

ఘోష్ బాబు

ఆ గదిని మొదలుపెట్టింది ఘోష్ బాబు. మా మొదటి అధికారి, బెంగాలీ ఆయన, ఎప్పుడూ తెల్ల హాఫ్ చేతుల చొక్కా. మా నాన్న టాటానగర్‌లో రైల్వే ఫిట్టరు. నేను ఐటీఐ చేసి గడియారాలంత చిన్న పరికరాలు బాగుచేసే పనిలో ఉండేవాణ్ణి. ఆయన నన్ను పిలిపించి, సరదాకి ఆడుకునేవాళ్ల కోసం అమ్మే లారీ కిట్టు ఒకటి చేతికిచ్చి, "దీన్ని పనికొచ్చేలా చెయ్యి" అన్నారు.

పెట్టెలో వచ్చిన ఆ లారీ ముందు చక్రాలు సరిగా తిరిగేవి కావు. కొంచెం తిరగ్గానే చక్రం చట్రానికి తగిలి ఆగిపోయేది. నేను ఆ అడ్డాన్ని ఆకురాయితో అరగదీశాను. రెండు చక్రాలనీ కలిపే కడ్డీ మార్చాను. స్టీరింగ్ తిప్పే చిన్న మోటారుని సర్వో అంటారు, దాని స్థానంలో అంతకంటే బలమైనది బిగించాను. అప్పుడు తిరిగింది చూడండి! గదిలో ఎక్కడికక్కడ చుట్టేసేది. యార్డు మేస్త్రీలు వచ్చి చూసి భుజం తట్టారు. ఆ ఉత్సాహంలోనే ఒక ఫ్యాక్టరీ గేటు మలుపుకి పడుతుందని చెప్పాను.

అసలు బండి ఆ గేటులో ఇరుక్కుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, షిఫ్టు మారే వేళ కార్మికులంతా సైకిళ్లు నెత్తిన పెట్టుకుని ట్రైలర్ పక్కనుంచి దూరి వెళ్లవలసి వచ్చింది.

ఘోష్ బాబు నన్ను తిట్టలేదు. నా గదిలోకొచ్చి నేలమీద చతికిలబడి, చిన్న లారీని గుండ్రంగా ఒక చుట్టు తిప్పించి సుద్దతో గీశారు. తరవాత యార్డులోకి తీసుకెళ్లి అసలు బండి స్టీరింగ్ పూర్తిగా తిప్పించి అది తిరిగిన చుట్టును కొలిచారు. లెక్క వేస్తే నా లారీ చుట్టు బాగా చిన్నది. ఆయన సుద్ద పొడి దులుపుకుంటూ, "మోడల్ కో అచ్ఛా మత్ బనావో. సచ్చా బనావో" అన్నారు. బాగా తిరిగేలా చెయ్యకు, నిజంగా తిరిగినంతే తిరిగేలా చెయ్యి అని. నాకు ఉద్యోగం మొత్తంలో ఎవరైనా పాఠం చెప్పారంటే అదొక్కటే.

పాడుచేయడం నేర్చుకున్నాను

ఆ తరవాత నేను చేసిందంతా మంచి బండిని చెడగొట్టడమే. ముందు చక్రాలు అసలు బండి తిరిగినంత మేరకే తిరిగి ఆగేలా చిన్న ఇత్తడి మేకులు అడ్డంగా కొట్టాను. మలుపులో లోపలి చక్రం ఎక్కువ, బయటి చక్రం తక్కువ తిరగాలి. కిట్టులో రెండూ ఒకేలా తిరిగేవి. స్టీరింగ్ చేతులకి వేరే చోట బెజ్జాలు వేసి ఆ తేడా తెప్పించాను. అసలు బండిలో స్టీరింగ్ కొంచెం తిప్పినా చక్రం కదలని వదులు ఒకటుంటుంది. అది కూడా పెట్టాను.

వేగం ఇంకో గొడవ. ఆట బండి ఉరుకుతుంది. నిజమైన బరువు బండి మలుపులో మనిషి నడకకన్నా నెమ్మదిగా పోతుంది. మోటారుకీ, గేరుపెట్టెకీ మధ్య ఇంకో చిన్న గేరుపెట్టె ఇరికించి, మోటారు ఎన్నో చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక చుట్టు తిరగనట్టు చేశాను. మొదటిసారి దాని పళ్లు అరిగి ఇత్తడి పొడి రాలింది. ఉక్కు పళ్లు వేశాక నిలబడింది. వెనక ఇరుసుల్లో రెండు పక్కల చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా బిగించి ఉంటే మలుపులో బండి తిరగనని మొరాయించి తిన్నగా నెట్టుకుపోతుంది. అసలు బండిలో ఆ బిగింపు డ్రైవర్ కావాలంటే వేస్తాడు, వద్దంటే తీస్తాడు. నా లారీలోనూ దాన్ని వేసి తీయడానికి ఇంకో సర్వో పెట్టాను. ఇనప ముక్కలు నింపి బరువు తెచ్చాను. ట్రైలర్ చక్రాలను కడ్డీలతో కలిపి, ముందు బండి ఒంగినదాన్ని బట్టి అవి ఒంగేలా చేశాను.

ఇదే పని సరదాకి చేసేవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్ల చేతిపని నాకంటే నాజూగ్గా ఉంటుంది. వాళ్లు తమ లారీ ఎక్కలేని గట్టు ఎక్కాలనీ, తిరగలేని చోట తిరగాలనీ చూస్తారు. కలిసి ఆడుకుంటారు, ఒకరిది ఒకరు చూసి సంబరపడతారు. నా లారీ మాత్రం తిరగలేని చోట తిరగకపోతేనే నా పని బాగున్నట్టు. అలాంటి దాన్ని చూసి ఎవరు సంబరపడతారు? నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మ ఉన్నన్నాళ్లూ సాయంత్రం ఇంటికెళ్లి గేర్ల సంగతి ఆవిడకి చెప్పేవాణ్ణి. ఆవిడ పోయాక చెప్పడం మానేశాను. గదిలో మాత్రం ఒక్క మనిషి వినేవాడు.

సింహాచలం

పెద్ద లాగుడు బండి డ్రైవర్ సింహాచలం. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపునుంచి ఇనప పనికి వచ్చి బారిడీహ్‌లో స్థిరపడ్డాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మా సంస్థలో ఎంతమంది డ్రైవర్లున్నా బరువైన సరుకు వస్తే అందరూ అతని వైపే చూసేవారు. నన్ను మేస్త్రీ అనేవాడు.

పెద్ద ప్రయాణం ఏదైనా ఉంటే అతను ముందుగా నా గదికి వచ్చేవాడు. ఎవరూ రమ్మనలేదు, అది నియమం కూడా కాదు. చెప్పులు బయట విడిచి, లుంగీ ఎగ్గట్టి, రిమోట్ పట్టుకుని, చిన్న లారీతో ఆ మలుపులన్నీ నడిపేవాడు. నడుపుతూ నోటితో ఇంజను చప్పుడు చేసేవాడు. ఇటుక దగ్గరకు రాగానే చప్పుడు మానేసి గాలి బిగపట్టేవాడు.

"ఏటి మేస్త్రీ, ఇది మరీ మొండిగుంది. నా బండి దీనికన్నా మంచిది," అనేవాడు.

"నీ బండి మంచిదైతే మరీ మంచిది. ఇది మొండిదైనా నీకు నష్టం లేదు కదా."

"అదీ నిజిమే. మొండోడితో కాపరం సేసినోడు ఎక్కడైనా బతుకుతాడు."

ప్రయాణం నుంచి తిరిగొచ్చాక మళ్లీ వచ్చేవాడు. ఏ మలుపులో ఎంత ఖాళీ మిగిలిందో చేత్తో చూపించేవాడు. నేను చెప్పిన దానికీ, అతను చూసిన దానికీ తేడా ఉంటే లారీ విప్పి ఇద్దరం కూర్చునేవాళ్లం. నా లారీ అంత నిజమైనదిగా తయారైందంటే అందులో సగం అతనిదే.

కల్వర్టు మలుపు

ఘోష్ బాబు వెళ్లిపోయి మిశ్రా గారు అధికారిగా వచ్చిన తరవాత ఒక పని వచ్చింది. ఒడిశా సరిహద్దు దాటి పోవలసిన బాయిలర్ డ్రమ్ము. మా సంస్థ అంతకుముందు అంత పొడవైనది మోయలేదు. సింహాచలం దాన్ని తానే తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. అతనికి రిటైర్మెంటు దగ్గరపడుతోంది. "ఇదొకటి లాగీసి దిగిపోతాను మేస్త్రీ. ఆ తరవాత స్కూటరు కూడా ముట్టుకోను," అన్నాడు.

దారి అంతా బాగానే ఉంది, ఒక చిన్న ఊళ్లో మలుపు తప్ప. ఎడమవైపు ఒక ఇంటి గోడ. అన్నదమ్ముల తగాదాలో ఉండి కోర్టులో నలుగుతోంది కాబట్టి దాన్ని కూలగొట్టడానికి లేదు. కుడివైపు కాలువ మీద కల్వర్టు, దాని అంచు మెత్తన. గోడకి తగలకుండా పోవాలంటే అంచుకి దగ్గరగా పోవాలి. అంచు విరిగితే ట్రైలర్‌తో పాటు ముందు బండి కూడా కాలువలోకి ఒరుగుతుంది. అందులో డ్రైవర్ ఉంటాడు. నేను వెళ్లి కొలిచి వచ్చి నేలమీద గీశాను. రెండు వైపులా కలిపి నా నేలమీద మిగిలే ఖాళీ ఒక వేలు మందం. అంటే రోడ్డు మీద జానెడు.

సింహాచలం వచ్చాడు. రిమోట్ తీసుకుని బండి కదిలించాడు. మలుపు మొదట్లోనే ముందు చక్రాలు సన్నగా వణకడం మొదలెట్టాయి.

"నీ బొమ్మకి సలేసినట్టుంది మేస్త్రీ," అన్నాడు.

సర్వో పాతబడితే అలా వణుకుతుంది. బ్యాటరీ దిగిపోయినా అంతే. ఆపించి బ్యాటరీ మార్చాను, వణుకు ఆగలేదు. సర్వో విప్పి కొత్తది బిగించాను, కడ్డీల వదులు చూశాను, రేడియో తీగ సరిచేశాను. అయినా ఆగలేదు. అతను మూడుసార్లు నడిపితే రెండుసార్లు ట్రైలర్ తోక ఇటుకను రాసుకుంటూ పోయింది. ఒకసారి బాగానే వెళ్లింది.

"ఇలాగియ్యి, రిమోట్‌లో ఏమైనా ఉందేమో చూస్తాను," అని అతని చేతిలోంచి తీసుకుని నేను నడిపాను. చక్రాలు రాయిలా నిలబడ్డాయి. వణుకు ఎక్కడా లేదు.

నేను తల ఎత్తి అతని వైపు చూశాను. సింహాచలం రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడి ఉన్నాడు. చలికాలం కాదు. కాసేపుండి, "సరే మేస్త్రీ, రేపు వత్తాను," అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు.

రిమోట్ మీదుండే రెండు పుల్లలూ వేలి కొసతో కదిలేవి. అసలు బండి స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకునేది, బరువైనది. దాన్ని పట్టుకుంటే ఆ వణుకు ఆగిపోయేదేమో. లేక అక్కడా అలాగే ఉండేదేమో. నేను డాక్టర్‌ని కాను. నాకు తెలిసింది ఒకటే. ఆ లారీ అబద్ధం చెప్పకుండా చేయడానికి నేను అన్నేళ్లు కష్టపడ్డాను. ఆ రోజు అది నాకు చెప్పింది నేను వినకుండా ఉండలేకపోయాను.

మిశ్రా గారి ముందు

మిశ్రా గారు చెడ్డవారు కాదు. కాగితం మీద లెక్క తానూ వేసుకున్నారు. జానెడు ఖాళీ ఉందని ఆయనకి తెలుసు, ఆ లెక్క సరైనదే. నేను పట్టదన్నానని తెలిసి, "చూపించు," అని గదికి వచ్చారు. కబురు పెట్టి సింహాచలాన్ని కూడా రప్పించారు. సింహాచలం లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

నేనే రిమోట్ తీసుకున్నాను. అతనికి ఇవ్వలేదు. చిన్న లారీ డ్రమ్మును లాక్కుంటూ మలుపులోకి దిగి, ఇటుకకి వేలు మందం దూరంలో తోక తిప్పుకుని, చెక్కబద్ద తగలకుండా అవతలికి వెళ్లిపోయింది.

"గయా నా!" అన్నారు మిశ్రా గారు సంతోషంగా. వెళ్లింది కదా!

"నా చేతిలో వెళ్లింది సార్. రోడ్డు మీద ఈ ఖాళీ చాలదు. పట్టదనే రాస్తాను."

"కళ్ల ముందు వెళ్లిన బండిని పట్టదంటావేమిటి? ఎందుకు చాలదో చెప్పు."

నేను చెప్పలేదు. చెప్పగలిగిన కారణం ఒకటే ఉంది, అది గుమ్మంలో నిలబడి ఉంది.

మిశ్రా గారు అతని వైపు తిరిగి, "తుమ్ బోలో. లే జావోగే?" అని అడిగారు. తీసుకెళతావా అని.

"లే జావూంగా సాబ్," అన్నాడు సింహాచలం. గొంతు ఎప్పటిలాగే పెద్దగా ఉంది.

ఆ గదిలో అందరికీ వెళుతుందనే ఉంది, నాకు తప్ప. నా సంతకం లేకుండా బండి కదలకూడదని ఘోష్ బాబు పెట్టిన పద్ధతిని ఇంకా ఎవరూ తీసేయలేదు. నేను మళ్లీ పట్టదనే అన్నాను. మిశ్రా గారు మొహం ముడుచుకుని వెళ్లిపోయారు. సింహాచలం మాత్రం ఉండిపోయాడు. లోపలికి ఒక్క అడుగు వేసి నేలమీద ఆగి ఉన్న లారీని చూశాడు.

"బండెల్లింది కదా మేస్త్రీ," అన్నాడు మెల్లగా. "మరి పట్టంది ఎవలికి?"

నేను లారీని చేతిలోకి తీసుకుని దాని చక్రాలు తుడవడం మొదలుపెట్టాను. తల ఎత్తేసరికి అతను లేడు.

తరవాత

పని మా చేయి దాటిపోయింది. ఇంకో సంస్థవాళ్లు డ్రమ్మును ఏదో చుట్టు దారిలో తీసుకెళ్లారని విన్నాను. ఆ మలుపులోకి ఎవరి బండీ దిగలేదు. మా యార్డులో ఆ సంగతి చాలా రోజులు చెప్పుకున్నారు. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి డ్రైవర్లు రావడం మానేశారు. సింహాచలం గదికి రాలేదు. తరవాత కొన్నాళ్లకే అతను బండి దిగి ఇంటికెళ్లిపోయాడు. వీడ్కోలు సభ పెట్టారు గానీ నేను వెళ్లలేదు. అతనికి నా మొహం చూడాలని ఉండదని అనుకున్నాను.

తరవాత ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చి కంప్యూటర్ మీద మలుపులు తిప్పి చూపించింది. చక్కటి పనిమంతురాలు. ఆమె లెక్కలు నా సుద్ద గీతలకన్నా నిఖార్సైనవి, నాకు ఒక పూట పట్టే పని ఆమె టీ చల్లారేలోగా చేసేది. నా గదిని సామాన్ల గోదాము చేసినప్పుడు నాకు అన్యాయమేమీ అనిపించలేదు. ఒక్కటే చెప్పాను ఆమెతో. "అమ్మా, నీ తెరమీద బండిని ఎవరూ నడపడం లేదు. అదే నడుస్తోంది. ఎవరు నడుపుతారో వెళ్లి చూసిరా." ఆమె తలూపింది. వెళ్లిందో లేదో తెలియదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నా అభిప్రాయం దాచకుండా చెబుతున్నాను. ఆ రోజు నేను పట్టదన్నది సరైనదే. ఇవాళ మళ్లీ అడిగినా అదే అంటాను. కానీ పట్టదు అనే ముందు ఎవరికి పట్టదో ఆ మనిషితో కూర్చుని మాట్లాడండి. అధికారికి చెప్పడం తరవాత. యంత్రాలతో మెలిగేవాళ్లకి ఒక అలవాటు పడుతుంది, లోపం కనబడగానే విప్పి సరిచేద్దామనుకుంటాం. సరిచేయలేనిదైతే పక్కన పెట్టేస్తాం. మనుషుల దగ్గర ఆ రెండూ కాకుండా ఇంకోటి చేయాల్సి ఉంటుంది. అది నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

బారిడీహ్

నేను రిటైరయ్యాక సోనారిలో రోజులు పొడుగ్గా ఉండేవి. పొద్దున్న విమానాల మైదానం దాకా నడిచి వచ్చి, వంట చేసుకుని, తిని, గిన్నెలు కడుక్కుంటే ఇంకేమీ ఉండేది కాదు. వారాల తరబడి కూరలమ్మేవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడని సందర్భాలున్నాయి. ఒకసారి బజారులో మా పాత యార్డు మనిషి కనిపించి, సింహాచలం బయటికి రావడం లేదట అన్నాడు. మర్నాడు స్కూటరు తీసి బారిడీహ్ వెళ్లాను. నగరానికి ఆ కొసా ఈ కొసా అంతే, పెద్ద దూరమేమీ కాదు. అయినా అన్నేళ్లలో ఆ ఇంటికి వెళ్లలేదు.

అతని భార్య పైడమ్మ తలుపు తీసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"మేస్త్రీ అన్నియ్యా! రండి, రండి. ఇన్నాళ్లకి దారి తెలిసిందా?" అని లోపలికి తిరిగి, "ఎవులొచ్చారో సూడు," అని కేకేసింది.

సింహాచలం వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. కుడిచెయ్యి తొడమీద దానంతట అదే కొట్టుకుంటోంది. ఇప్పుడు దాచుకోలేదు.

"కూకో మేస్త్రీ," అన్నాడు. గొంతు మాత్రం అదే.

మోకాళ్ల నొప్పుల గురించి, యార్డులో కొత్త గేటు గురించి కాసేపు మాట్లాడుకున్నాం. వీధిలో ఎవరో స్కూటరు మొరాయిస్తుంటే తన్నుతున్నారు. అది అంటుకుని వెళ్లిపోయేదాకా అతను అటే చూశాడు.

"ఒకటడుగుతాను. తిన్నగా సెప్పు. ఆ రోజు నా సేతులు సూసే కదా పట్టదన్నావు?"

"అవును."

"మిశ్రాకి సెప్పీసేవా?"

"లేదు. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నీకే."

"మరి ఇంకో డ్రైవర్ని పెట్టమని సెప్పొచ్చు కదా. కుర్రోళ్లు ఉన్నారు. తిప్పీసేవోరు."

"నిన్నెందుకు మార్చాలని అడుగుతారు. నీ పేరు పోతుంది."

అతను నవ్వాడు. నవ్వుతుంటే చెయ్యి ఇంకా ఎక్కువ ఊగింది, ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"పేరా! ఆ తరవాత కళ్ల పరీచ్చకి పిలిసిన డాక్టరు నా సేతులు సూసీసేడు. యార్డంతా తెలిసిపోనాది, నీకే ఎవలూ సెప్పలేదేటో. అందుకే కదా ముందే దింపీసేరు. ఆ తరవాత ఇటేపు ఒక్కడు రాలేదు మేస్త్రీ. ఆళ్ల మీద నాకు కోపం లేదు, ఆళ్లకి నాను డ్రైవర్నే. నువ్వెందుకు రాలేదు?"

"నువ్వు కోపంగా ఉన్నావనుకున్నాను."

"ఉన్నాను. కోపంగా ఉన్నోడి ఇంటికి రాకూడదేటి?"

నేల వైపు చూస్తూ కూర్చున్నాను. అతను వీధి వైపు తిరిగి, తనలో తాను మాట్లాడుకున్నట్టు, "నాను ఆ మలుపు తిప్పీసేవోడినా, అంటావా?" అన్నాడు.

"తెలీదు సింహాచలం."

"నాకూ తెలీదు," అన్నాడు.

పైడమ్మ స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. అతని గ్లాసులో సగమే ఉంది. నా గ్లాసులోనూ సగమే ఉంది. నేను చూడటం చూసి ఆమె సిగ్గుపడినట్టు నవ్వింది. "ఆయన గ్లాసు నిండా పోత్తే ఒలికిపోద్ది అన్నియ్యా. ఒక్కడికే సగం పోత్తే ఊరుకోడు. అందుకే ఇంట్లో అందరికీ ఇలగే పోత్తాను. ఇంకోసారి పోత్తాను, ఉండండి."

సింహాచలం రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నోటిదాకా తెచ్చుకున్నాడు. నేనూ తాగాను. ఆమె గిన్నెతో మళ్లీ వచ్చింది, ఇద్దరం గ్లాసులు ముందుకు చాపాం.